చివరి వరస

వంతెన మీదుగా నీళ్ళు పారిన పెద్ద వరద వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు జరిగిందిది. అంతకు ముందు తాము చూసినవి వరదలే కావని ఊళ్ళో వాళ్ళకి అప్పుడు తెలిసింది. బస్సుల డిపోలో సీట్ల ఎత్తున నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీశాక బస్సుల్ని కడిగి ఆరబెట్టారు గానీ సీట్లు కడిగితే బాగుపడే రకం కాదు. పైన రెక్సిను మెరుస్తూనే ఉండేది, లోపల పీచు కుళ్ళిపోయింది. బస్సెక్కినవాడు ముక్కు మూసుకుని కూర్చుని, ముక్కు మూసుకునే దిగేవాడు. అందుకని ఆ ఏడాది పొడుగునా డిపోలో అందరికన్నా ఎక్కువ పని సీట్లు కుట్టే మేస్త్రికే పడింది. ఒక్కో సీటూ విప్పడం, కుళ్ళు తియ్యడం, ఇనుప చట్రం తుడవడం, కొత్త పీచు కూరి దబ్బనంతో కుట్టడం. ఇంటికొచ్చాక కూడా వేళ్ళు వంకర తీరేవి కావు.

వరద బడినీ వదల్లేదు. బ్యాండు గదిలో ఉన్నదంతా బురదలో కూరుకుపోయింది. తవ్వి తీస్తే అయిదు బాకాలు మాత్రం చేతికొచ్చాయి. అవీ సొట్టలు పడి, మీటలు బిగుసుకుపోయి ఉన్నాయి. పైనుంచి కొత్తవి వస్తాయన్నారు. రాలేదు. చివరికి, బ్యాండులో ఉండాలనుకున్న పిల్లలు ఎవరి వాయిద్యం వాళ్ళే కొనుక్కోవాలని కబురు పంపారు. కొనగలిగినవాళ్ళు కొన్నారు. కొనలేని ఇళ్ళ పిల్లలు అయిదుగురికి ఆ బురద బాకాలే తుడిచి ఇచ్చి, చివరి వరసలో నిలబెట్టారు.

ఆ అయిదుగురిలో మేస్త్రి కూతురు ఒకతె. డిపోలోనే టైర్లు మార్చే అతని కొడుకు ఒకడు.

మేస్త్రి మాటలు తక్కువ మనిషి. భార్య ఆస్పత్రిలో ఆయా. "మా ఆయన్ని వార్డులో పడుకోబెడితే డాక్టర్లు ఏ జబ్బూ కనిపెట్టలేరు, ఎక్కడ నొప్పో చెప్పడుగా" అని నవ్వేది. కూతురు బ్యాండులో చేరినప్పుడూ అతను ఏమీ అనలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆ పిల్ల వేళ్ళ వంక చూశాడు. సాయంత్రాలు అతను నడుం వాల్చితే కూతురు పక్కన చేరి, అతని ముంజేతి మీద మూడు వేళ్ళతో మీటలు నొక్కుతూ పాట పాటంతా సాధన చేసేది. ఇంట్లో బాకా ఊదకూడదని, అసలు బడి దాటించకూడదని మాస్టారు చెప్పారంది. అలాగేనన్నాడు. చూస్తూ చూస్తూ ఆ పాట అతని చేతికి వచ్చేసింది. చెవికి మాత్రం రాలేదు.

ఆ వారం మొదట్లో ఒక సాయంత్రం ఆ పిల్ల బడినుంచి వచ్చి, పుస్తకాల సంచి భుజాన ఉండగానే గుమ్మంలో కూర్చుంది. ఏమైందని తల్లి అడిగితే గోడకి చెప్పినట్టు చెప్పింది. వారం చివర బడికి పెద్ద అతిథి ఎవరో వస్తున్నారట. వాయిద్యాలన్నీ పెట్టెల్లో పెట్టుకుని రావాలట. చేతుల్లో పట్టుకొస్తే చూడ్డానికి బాగుండదట. పెట్టె లేనివాళ్ళు ఆరోజు బ్యాండులోకి రానక్కర్లేదట.

"ఈ బడికి ఫీజు లేదన్న మాటే గానీ, ఏడాది తిరక్కుండా ఫీజున్న బడిని మించిపోయింది" అంది తల్లి. "మొన్న తెల్ల బూట్లు. నిన్న టోపీ. ఇప్పుడు పెట్టె. రేపు గుర్రం తెమ్మంటారు, ఎక్కి ఊదడానికి."

పిల్ల నవ్వలేదు. మేస్త్రి దబ్బనాన్ని నూనెగుడ్డతో తుడుస్తున్నాడు. తుడవడం అయ్యాక అడిగాడు.

"ఎంత పొడుగుంటుంది?"

ఆ పిల్ల చేతులు చాచి చూపించింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"తీసుకురా. కొలవాలి."

పిల్ల ముఖం చిన్నబోయింది. "చేతుల్తో చూపిస్తే చాలదా నాన్నా?" అంది.

"చాలదమ్మా."

బాకా ఇంటికి తేవడానికి మాస్టారు ఒప్పుకోరేమోనని బెంగపడుతోందని అతననుకున్నాడు. పెట్టె కోసమని చెప్పి అడగమన్నాడు. ఆ పిల్ల చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుని, సరేనంది.

*

డిపోలో సూపర్‌వైజరుని అడిగితే, చిరిగిన సీటు వెనకభాగం ఒకటి తీసుకొమ్మన్నాడు. ముదురు నీలం రెక్సిను. మేస్త్రి దాన్ని బల్లమీద పరిచి, చిరుగు పోను మిగిలే మేర సుద్దముక్కతో గీసుకుంటుంటే టైర్లతను వచ్చి పక్కన నిలబడ్డాడు. వాళ్ళకి చుట్టరికం లేదు గానీ, ఎన్నాళ్ళుగానో బావా అంటే బావా అనుకుంటున్నారు. అనడం అతనిదే ఎక్కువ.

"పెట్టెకేనా? మాకా గొడవ లేదు బావా. మావాడి మేనమామ వడ్రంగి. చెక్కపెట్టె చేసేశాడు. శవాన్ని పెట్టొచ్చు అందులో, అంత గట్టిగా ఉంది. మోసేవాడు మావాడు, వాడికి దాన్ని మొయ్యడానికి సగం ఊపిరి, ఊదడానికి సగం ఊపిరి."

కాసేపు చేతిలో రెంచి తిప్పుతూ నిలబడి, గొంతు తగ్గించి, అడక్కుండానే చెప్పాడు. వాళ్ళ ఇంటావంటా సంగీతం లేదట. తన తండ్రి బండి తోలాడట, తను టైర్లు తోముతున్నాడట. అలాంటిది వీడికి ఆ ఊపిరి ఎలా వచ్చిందో తెలియడం లేదట. చివరి వరసలో తనదే పెద్ద గొంతని కొడుకే చెప్పాడట.

"నువ్వు విన్నావా?" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడ వింటాం? ఇంట్లో ఊదకూడదుగా. మీ పిల్ల చెప్పలేదూ? శుక్రవారం వింటాం. నేను సగం రోజు సెలవు పెట్టేశా. నువ్వూ పెట్టు."

మేస్త్రి అప్పటికే పెట్టాడు. ఆ మాట చెప్పలేదు.

*

గురువారం సాయంత్రం పిల్ల బాకాని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు రెండు చేతుల మీదా తెచ్చింది. మేస్త్రి కొలుస్తున్నంతసేపూ పక్కనుంచి కదల్లేదు. అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు తనూ ఒక చెయ్యి వేసి పట్టుకునే ఉంది. సొట్టలు చూసి అతనికి జాలేసింది. బస్సు చట్రమైతే సుత్తితో సరిచేసేవాడు. ఇత్తడి తనకి తెలియని సరుకు, ముట్టుకోలేదు.

అట్ట కోసి, రెక్సిను మడిచి, మూలలు కుట్టాడు. లోపల మెత్తటి స్పాంజి పరిచాడు. సీట్లకి వేసే కుట్టు కాదది. కూతురి టోపీ అంచున ఉన్న కుట్టు చూసి, అలాంటిదే వేశాడు. మూత బిగించే సమయానికి తల్లి ఆస్పత్రినుంచి వచ్చి, సబ్బు లేదని పిల్లని కొట్టుకి పంపింది. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది.

బాకా మూతి వెడల్పు చూసుకుందామని అతను దాన్ని దీపం వైపు తిప్పాడు. లోపల, గొట్టం సన్నబడే చోట, ఏదో నల్లగా అడ్డుగా కనపడింది. పీచు లాగే కొక్కెం పెట్టి లాగాడు. గుడ్డ. లాగినకొద్దీ వచ్చింది. పాత ఖాకీ పేలిక, తాడులా పేని, పొరమీద పొర కుక్కి ఉంది. సందులేకుండా కుక్కిన తీరు చూసి, కుక్కినవాడెవడో పని తెలిసినవాడే అనుకున్నాడు. మోసేటప్పుడు కొత్త సొట్టలు పడకుండా లోపల దన్నుగా పెట్టారని అతనికి తోచింది. చేత్తో నలిపి చూశాడు. చెమ్మగా ఉంది. చెమ్మ కూరితే లోపల ఏమవుతుందో ఆ ఏడాది అతనికన్నా బాగా తెలిసినవాడు ఊళ్ళో లేడు. అయినా ఇప్పుడు ఇంత స్పాంజి వేసిన పెట్టె ఉండగా ఆ పేలికతో పనేముంది? దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసి, గొట్టం లోపల పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. బాకాని పెట్టెలో పడుకోబెట్టి, స్పాంజి అంచులకి జిగురు రాసి, మూత వేసి, రెండు పట్టీలూ బిగించాడు.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి మూత మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు తియ్యకు. జిగురు ఆరాలి. బాకా లోపలుండగా ఆరితే అచ్చు సరిగ్గా పడుతుంది" అన్నాడు. అతనికి అది పెద్ద ఉపన్యాసం.

ఆ పిల్ల పెట్టె చుట్టూ తిరిగింది. కుట్టు మీద వేలు పెట్టి ఒక మూలనుంచి ఇంకో మూలకి నడిపించింది. "టోపీ కుట్టు" అని గుర్తుపట్టి, అతని వంక చూసి నవ్వింది. ఆ రాత్రి దాని పక్కనే పడుకుంది.

*

బడి ముందు మైదానంలో తాడు కట్టి, తాడుకి ఇవతల తల్లిదండ్రుల్ని నిలబెట్టారు. మేస్త్రి భార్యకి సెలవు దొరకలేదు. టైర్లతను తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం పోలేదు. ఇద్దరూ తాడు దగ్గరగా నిలబడ్డారు.

పిల్లలు పెట్టెలు పట్టుకుని వరసగా వచ్చారు. మాస్టారు చెయ్యెత్తితే అందరూ ఒక్కసారే వంగి, పెట్టెలు తెరిచి, ఒక్కసారే లేవాలి. అలాగే చేశారు. ముందు వరసల్లో కొత్త బాకాలు ఎండకి భగ్గుమన్నాయి. చివరి వరసలో అయిదూ గచ్చకాయ రంగులో ఉన్నాయి. అయినా వరస నిండుగా ఉంది. అతిథి తల ఊపాడు.

పాట మొదలైంది. మేస్త్రి వేళ్ళు అతనికి తెలియకుండానే తాడుమీద కదిలాయి. పాట మొదట్లో మెల్లగా ఉండి, తర్వాత ఎత్తుకునే చోటు ఉంది. అక్కడ కూతురు తన ముంజేతి మీద గట్టిగా నొక్కేది. ఆ చోటు రాగానే పిల్లలందరి బుగ్గలూ ఉబ్బాయి.

అప్పుడు వచ్చిందా చప్పుడు. తల్లినుంచి తప్పిపోయిన దూడ అరిచినట్టుంది. పాటకి పైన, పాటతో సంబంధం లేకుండా, పెద్దగా, బొంగురుగా. జనం తలలు తిప్పారు. ఎవరో కిసుక్కుమన్నారు. చివరి వరసలో అందరితోపాటు మేస్త్రి కూతురు కూడా, బాకా పెదాలనుంచి తియ్యకుండానే, ఆ చప్పుడు ఎవరిదా అని కళ్ళు అటూ ఇటూ తిప్పింది. ఊదుతూనే ఉంది. అది తనదేనని ఆ పిల్లకి తెలియలేదు.

మేస్త్రికి తెలిసింది. కూతురి బుగ్గలు ఉబ్బినప్పుడల్లా చప్పుడొస్తోంది, తగ్గినప్పుడల్లా ఆగుతోంది. ఏడాదిగా చేతిమీద తప్ప వినని పాట ఇప్పుడు కూతురి నోట వింటున్నాడు. అది బాగుందో బాగాలేదో అతనికి తెలియదు. ముందు వరసల చప్పుడంతా కలిసిపోయి ఒకటే హోరుగా ఉంటే, తన పిల్లది ఒక్కటే విడిగా వినపడుతోంది. అతని గుండె పొంగింది. పక్కకి తిరిగి, "మా పిల్ల" అన్నాడు.

టైర్లతను మెడ సాచి పిల్ల వైపు చూశాడు.

మాస్టారు చేతిలో కర్ర ఆడిస్తూనే, ముఖాన నవ్వు చెదరకుండా, వెనక్కి నడిచాడు. చివరి వరస దాకా వెళ్ళి, ఎడంచేత్తో ఆ పిల్ల చేతుల్లోంచి బాకా తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. పాట ఆగలేదు. ఆ పిల్ల ఉత్తచేతులతో వరసలో నిలబడి ఉంది. వేళ్ళు ఇంకా మీటలు నొక్కుతున్నట్టే వంగి ఉన్నాయి.

"పోనీలే బావా, చిన్నపిల్ల. తడబడింది" అన్నాడు టైర్లతను.

*

ఇంటికి ఉత్తచేతులతోనే వచ్చింది. పెట్టె ఏదని తల్లి అడిగింది. పెట్టె బాగుందట, బడిలో ఉంచేసుకున్నారట. రేపటినుంచి బ్యాండుకి రావద్దన్నారట. ఆ బాకా ఇంకెవరికో ఇస్తారట.

తప్పు ఊదినంత మాత్రాన తీసేస్తారా, నేర్పడానికి కాదూ బడి ఉన్నది అని తల్లి గొంతు లేచింది. పిల్ల తండ్రి వంక చూసింది. చెప్పక తప్పదని, ఒక్కొక్క మాటే బయటికి తీసింది. మాస్టారు ఒక్కరే. కొన్నవాళ్ళకి నేర్పడానికే ఆయనకి వేళ చాలదు. బురద బాకాలు ఎంత సరిచేసినా శ్రుతి కలవవు. కానీ వరసలో ఇంతమంది లేకపోతే బ్యాండే ఎత్తేస్తామని పైనుంచి చెప్పారట. అందుకని చివరి వరస బాకాలు అయిదింటిలోనూ గుడ్డ కుక్కారు. బుగ్గలు ఉబ్బించాలి, వేళ్ళు ఆడించాలి. చప్పుడు రాకూడదు. మొదటి రోజునుంచీ అంతే.

మేస్త్రి గోడకి చేరగిలబడ్డాడు. "గుడ్డ నేనే తీశాను" అన్నాడు.

"తెలుసు నాన్నా. నేనే తీశానని చెప్పాను."

"ఎందుకలా చెప్పావు?"

"నువ్వని చెబితే నిన్ను పిలిపిస్తారుగా. అందరిముందూ అడుగుతారుగా."

తల్లి లేచి నిలబడింది. తెల్లారనిచ్చి బడికి వెళ్ళి ఆ మాస్టారి నోట్లో అదే గుడ్డ కుక్కి వస్తానంది. పిల్ల ఆమె చీర పట్టుకుని బతిమాలింది. వద్దు, ఎవరూ వెళ్ళొద్దు. వెళితే మిగతా నలుగురి ఇళ్ళల్లోనూ తెలిసిపోతుంది. ఇంట్లో చెప్పకూడదని అయిదుగురూ అనుకున్నారు. "టైర్ల మామయ్యకి తెలీదమ్మా. వాళ్ళబ్బాయేమో తనదే పెద్ద గొంతని ఇంట్లో చెప్పాడు. తెలిస్తే మామయ్య ఎలా తట్టుకుంటాడు?"

తల్లి మళ్ళీ కూర్చుంది. పొయ్యి మీద గిన్నె మూత ఎగురుతుంటే మేస్త్రే లేచి మంట తగ్గించి వచ్చాడు.

"ఏడాదంతా ఎందుకు నుంచున్నావమ్మా, ఊదనప్పుడు?" అన్నాడు.

పిల్ల ఆలోచించింది. "ముందు వరసలవాళ్ళు ఊదుతుంటే, మనం పాట లోపల ఉన్నట్టుంటుంది నాన్నా. బయట నుంచుంటే అలా ఉండదు."

తలెత్తకుండా అడిగింది.

"నాది ఎలా ఉంది? నాకు సరిగ్గా తెలీలేదు. ఇంకెవరిదో అనుకున్నాను."

అతను నోరు తెరిచాడు. ఏడాదికి సరిపడా మాటలు దాచుకున్న మనిషికి ఆ ఒక్క మాటా దొరకలేదు. పిల్ల కొంచెంసేపు చూసి, కంచాలు తేవడానికి లేచింది.

*

మర్నాడు పొద్దున్నే లేచి, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. డిపోకి ఉతికిన చొక్కా వేసుకోడు. అతను వీధి మలుపు దాకా వచ్చాడు. అక్కడినుంచి కుడివైపు వెళితే బడి, ఎడమవైపు వెళితే డిపో. గుడ్డ తీసింది నా కూతురు కాదు, నేను అని చెప్పాలని బయల్దేరాడు. ఆ ముక్క చెబితే పిల్ల మీద పడ్డ మచ్చ పోతుంది. కానీ ఆ ముక్క అక్కడితో ఆగదు. ఏ గుడ్డ, ఎందుకు కుక్కారు, ఇంకెవరి బాకాల్లో కుక్కారు అని ఇల్లిల్లూ తిరుగుతుంది. పిల్లని తిరిగి తీసుకున్నా మళ్ళీ గుడ్డ కుక్కే నిలబెడతారు. మలుపులో పాలవాడి సైకిలు గంట కొట్టి, తప్పుకోమంది. తప్పుకున్నాడు. తప్పుకున్న కాలు ఎడమవైపు పడింది.

చొక్కా విప్పి మేకుకి తగిలించి, పని ముందేసుకున్నాడు. కాసేపటికి టైర్లతను ఇనుపకమ్మి చేతపట్టుకునే వచ్చాడు. మామూలుగా దూరంనుంచే కేకేసేవాడు, ఇవాళ దగ్గరకొచ్చేదాకా మాట్లాడలేదు. పిల్ల అన్నం తిందా అని అడిగాడు. తిందన్నాడు మేస్త్రి. కళ్ళు సీటు మీదే ఉన్నాయి. టైర్లతను వెళ్ళబోయి ఆగాడు.

"బావా, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. నిన్న మీ పిల్ల కంగారులో నేను అటే చూస్తూ ఉండిపోయా. మావాడిది వినలేదు. ఎలా ఊదాను నాన్నా అని రాత్రినుంచి వాడు ప్రాణం తీస్తున్నాడు. బాగానే ఊదావురా అన్నా గానీ, విని చెప్పింది కాదుగా. నీకేమన్నా వినపడిందా?"

మేస్త్రి దారం పంటితో తెంపాడు.

"వినపడింది."

"అంతమందిలో? విడిగా?"

"విడిగానే."

టైర్లతని ముఖం చూడాలి. కమ్మి కింద పడేసి, షెడ్డు అవతల ఉన్నవాళ్ళని కేకేసి పిలిచాడు. డ్రైవరు ఒకడు, ఇంజన్లు చూసేవాళ్ళు ఇద్దరు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఇదిగో, ఈయన్ని అడగండి. నేను చెబితే గొప్పలు అంటారుగా. అబద్ధం చెప్పాలన్నా నాలుగు మాటలు కావాలి, ఈయన దగ్గర అన్ని ఎక్కడివి? చెప్పు బావా. మావాడు ఎలా ఊదాడు?"

మేస్త్రి దబ్బనాన్ని సీటుకి గుచ్చి లేచి నిలబడ్డాడు. మొదట పాట మెల్లగా ఉందని చెప్పాడు. తర్వాత ఎత్తుకునే చోటు ఒకటి ఉందని, అక్కడ ముందు వరసలవన్నీ కలిసిపోయి ఒకటే హోరు అయిందని చెప్పాడు. అందులోంచి ఒక్క గొంతు వేరుగా వచ్చిందన్నాడు. చిన్న గొంతు కాదు, మైదానం చివరిదాకా వెళ్ళిందన్నాడు. ఎవరి వెనకా దాక్కోలేదన్నాడు. ఊపిరంతా పెట్టి, ఆపేదాకా ఆపకుండా ఊదిందన్నాడు. అది ఎంత బాగుందంటే, పక్కవాడికి చెప్పకుండా ఉండలేనంత బాగుందన్నాడు.

డిపోలో అతను అన్ని మాటలు మాట్లాడగా ఎవరూ చూడలేదు. టైర్లతను కళ్ళు తుడుచుకుంటూ ఇంకోసారి చెప్పమన్నాడు. మేస్త్రి ఇంకోసారి చెప్పాడు.